ఏసీ నీళ్ల మడి

షార్జా దాటినంక సజా క్యాంపుల
ఏడో బ్లాకు ఎనక
గోడకూ కంచెకూ నడుమ ఆరడుగుల ఇసుక.
కంపెనీ నక్షల దానికి పేరు లేదు.
మేం మడి అంటం.

మొదలైతే సూదితోని మొదలైంది.
శుక్రవారం పొద్దుగాల దవఖాన బస్సొచ్చి
మా వేళ్లు పొడిచి పోయింది.
నాకు రెండు వందల డెబ్బై.
భూమేశ్‌కు మూడు వందల మీద ఏదో.
నర్సమ్మ కాగితం మీద ఆకు బొమ్మ గీసింది:
"పచ్చగా ఉన్నది ఏదైనా రోజూ తినండి."
మేం మెస్సు దిక్కు చూసినం.
మెస్సుల పచ్చగ ఉన్నది
తలుపు రంగొక్కటే.

కిరాణాల తోటకూర కట్ట మూడు దిర్హాములు.
అదీ విమానమెక్కే వచ్చింది గద, మా లెక్కనే,
దిగేసరికి వాడిపోయి ఉంటది.
కొందామని చెయ్యి జేబుదాంక పోయి
ఇంటికి పంపే లెక్క యాదికొచ్చి
ఉత్తగనే బయటికొస్తది.

ఎండలు ముదిరినంక
ఏసీ పైపుల కింద రాత్రంత టప్పు టప్పు.
భూమేశ్ నిద్రపట్టని మనిషి.
బొట్లు లెక్కపెట్టిండు, బకెట్ పెట్టిండు,
తెల్లారకముందే మమ్ముల లేపిండు:
"అరే, నిండింది చూడుండ్రి!
ఈ దేశపు మబ్బులు మన గదులల్లనే ఉన్నయి."

పన్నెండు గదుల పైపులు మడి దిక్కు తిప్పినం.
మా పని అదే గద,
పొద్దంత ఎవని ఇంటికో పైపులేసుడు.
గుల్ జమీన్ ట్యాంకర్ తోలుతడు,
మేకల కొట్టం నుంచి ఎరువు బస్తాలు తెచ్చిండు.
వారం దినాలు ఆయన పక్కకు ఎవ్వడు కూసోలే.
ఉల్లిపొట్టు, ఉడికిన చాపత్తి, గుడ్ల పెంకులు.
ఇసుక తిన్నది, తాగింది,
చానా రోజులు ఏం మాట్లాడలే.

పుంటికూర ఇత్తులు మా చెల్లె పంపింది,
పచ్చడి సీస మూతకింద
గుడ్డల ముడేసి.
మఫిజుల్ తీగ నాటిండు.
నేను బచ్చలన్న, వాడు పుయి అన్నడు,
పొద్దుగూకేదాంక కొట్లాడినం.
తీగ మా ఇద్దరి మాట ఇనకుండ
కంచె దిక్కు పాకింది.

మా ఊర్ల అయ్యగారింట్ల
మడి అంటే ఎవ్వరు ముట్టొద్దు.
ఈ మడిల
నమాజు చేసేటోళ్ల గది నీళ్లు,
మాల వేసుకున్నోళ్ల గది నీళ్లు,
తాగి పడుకునేటోళ్ల గది నీళ్లు.
ఏ బొట్టు ఎవలదో పుంటికూరకు ఎరుక లేదు.
పులుపైతే తగ్గలే.

మొదటి కోత పిడికెడు.
ముప్పై మందిమి.
పప్పుల ఏస్తే ఆకు కండ్లవడలే,
నాలుక మీదనే దొరికింది.
భూమేశ్ కంచం నాకిండు.
ఎవ్వరు నవ్వలే.

పండుగకు పది దినాలుందనంగ
గుల్ జమీన్ వీసా అయిపోయింది.
వరుసల చివరిది పద్నాలుగో నంబరు గది,
ఖాళీ అయింది, ఏసీ బందైంది.
దాని నీళ్లు పుదీన మూలకొక్కదానికే పోతయి.
ఆయన పెట్టిన పుదీన
మూడో నాటికి తలకాయ ఏలాడేసింది.

భూమేశ్ తాళంచెవి ఎక్కడ సంపాయించిండో,
నేను అడగలే.
క్యాంపు బాసు వర్గీసు పట్టుకున్నడు:
"ఖాళీ గదిల గంత సల్లగ
ఎవడు పంటుండు?"
"పుదీన, సార్."
వర్గీసు కరెంటు బిల్లు చూపెట్టిండు.
కొత్త తాళమేసిండు.
పోతపోత ఒక ఆకు తెంపి నలిపి
వాసన చూసుకున్నడు,
అంతకంటె ఏం చేయలే.

అప్పటిసంది డ్యూటీ దిగినోడల్ల
సీసల అడుగున గుక్కెడు మిగిల్చి తెస్తుండు.
బస్సుల గొంతెండినా
ఆ గుక్కెడు ఎవ్వడు ముట్టడు.
పుదీన చావలే. పెరగలే.
నా సుగరు కూడ గట్లనే ఉన్నది,
రెండు వందల పది.

నిన్న రాత్రి పద్నాలుగుకు
కొత్త పిలగాడొచ్చిండు.
సూట్‌కేసుకు కట్టిన తాడింక ఇప్పలే.
తలుపుల మేం ఎనమండుగురం.
పేరడగలే, ఊరడగలే.
"తమ్మీ, ముందుగాల ఏసీ వెయ్యి."
"నాకు చలి పడదన్నా" అన్నడు, భయం భయంగ.
భూమేశ్ పోయి
తన దుప్పటి తెచ్చిచ్చిండు.